వాన గెలుపు

2024వ సంవత్సరము మే నెల 26వ తేదీ, ఆదివారము. ఆ రాత్రి కొత్తగూడ కూడలి చుట్టునున్న వసతి గృహములలో తెరల యెదుట గుమికూడిన యువకుల ముఖములు తొందరగనే వాడిపోయినవి. చెన్నపట్టణమున జరిగిన ఐ.పి.ఎల్. తుది పోటీలో హైదరాబాదు జట్టు 113 పరుగులకే ముగిసినది. కలకత్తా జట్టు రెండే వికెట్లు కోల్పోయి 11వ ఓవరులోనే ఆ లక్ష్యమును దాటినది. వాన లేదు, వెలుతురు లోపము లేదు, లెక్కలు కట్టువారితో పని లేదు. ఓడినవారికి సాకు దొరకని ఓటమి యది.

ఇచ్చట ఆదివారము సోమవారముగా మారి తెల్లవారబోవుచుండగా, అమెరికాలోని షార్లెట్ నగరమునకు చేరువనున్న కంకార్డ్‌లో అదే ఆదివారపు సాయంకాలము మరియొక పోటీ మొదలైనది. షార్లెట్ కొత్తగూడకు బొత్తిగా పరాయి ఊరు కాదు. అది బ్యాంకుల నగరము. ఆ బ్యాంకుల కంప్యూటర్లకు పని చెప్పు తెలుగువారు అచ్చట పెక్కు కుటుంబములుగా స్థిరపడినారు. వారి గడియారమునకు సరిపోవునట్లు రాత్రులు మేలుకొని పనిచేయువారు కొత్తగూడ, కొండాపూరు, మాదాపూరు ప్రాంతములలో నున్నారు. కాని ఆ ఊరికి బ్యాంకులకన్న ముందటి ప్రతిష్ఠ మరియొకటి కలదు. అది స్టాక్ కారు పందెముల ఊరు. ఆ పందెములాడు జట్లలో అధిక భాగము ఆ పరిసరములలోనే కర్మశాలలు పెట్టుకొన్నవి. అంగడిలో అమ్ముడుపోవు కార్లనే పందెమునకు దింపవలెనను నియమముతో నాస్కార్ సంస్థ నడిపిన మొదటి వరుసలో తొలి పందెము 1949 జూన్ 19న షార్లెట్‌లోనే జరిగినది. ఆ తొలి పందెముననే ఒక చిక్కు వచ్చెను. అందరికన్న ముందు గీత దాటిన గ్లెన్ డనవే కారు వెనుక స్ప్రింగులను నియమవిరుద్ధముగా మార్చినట్లు తనిఖీలో తేలినది. జిమ్ రోపర్‌ను విజేతగా ప్రకటించిరి. గీత దాటుట వేరు, గెలుచుట వేరు అను సంగతి ఆ క్రీడకు పుట్టుకతోనే తెలిసినదన్నమాట.

మే 26 నాటి పందెము పేరు కోకా-కోలా 600. ఒక్కొక్క చుట్టు మైలున్నర; 400 చుట్లు తిరిగినచో 600 మైళ్లు. నాస్కార్ వారి పందెములలో ఇంతకన్న పొడవైనది లేదు. 249 చుట్లు నడిచినవి. వాన వచ్చినది. బండ్లను ఆపిరి. వాన వెలిసిన పిమ్మట దారిని ఆరబెట్టు యంత్రములు దిగినవి గాని, గాలిలో తేమ మిక్కుటమై దారి యెంతకును ఆరలేదు. అర్ధరాత్రి దగ్గరపడుచుండగా పందెము అంతటితో ముగిసినదని అధికారులు ప్రకటించిరి. అప్పటికి అందరికన్న ముందున్న క్రిస్టఫర్ బెల్ విజేత యయ్యెను. 600 మైళ్ల పందెము 373 మైళ్లన్నరకే తీరినది.

ఆనాటి కథలో బెల్‌కన్న ఎక్కువగా జ్ఞాపకముండవలసినవాడు మరియొకడు కలడు. కైల్ లార్సన్ అను చోదకుడు అదే దినమున రెండు మహాపందెములు నడపవలెనని సంకల్పించెను. పగలు ఇండియానాపొలిస్‌లో 500 మైళ్లు, రాత్రి షార్లెట్‌లో 600 మైళ్లు. ఇండియానాపొలిస్‌లో వాన పడి పందెము దాదాపు నాలుగు గంటలు ఆలస్యమయ్యెను. అచ్చట 18వ స్థానమున ముగించి, విమానమెక్కి షార్లెట్ చేరెను. అతని బదులు జస్టిన్ ఆల్గేయర్ అనువాడు అప్పటికే బండి నడుపుచుండెను. లార్సన్ చేరునప్పటికి అచ్చట వాన. తొడుగులన్నియు తొడుగుకొని, బండియెక్కుటకు సిద్ధముగా నిలిచినవానికి ఒక్క చుట్టు తిరుగు అవకాశమైనను దక్కలేదు. ఒకే దినమున, రెండు రాష్ట్రములలో, ఒకే మనుష్యుని రెండు మారులు వాన అడ్డగించినది.

వాన వలన తగ్గిన పందెములలో గెలిచినవారిని ఆ దేశమున కొందరు చిన్నచూపు చూచుచుందురు. వాడు గెలువలేదు, వాన గెలిపించినదని వారి మాట. విజేతల పట్టికలో పేరు పక్కన ఒక చుక్క పెట్టి, అడుగున వివరము వ్రాయవలెనన్నంతగా సణుగుదురు. ఈ చిన్నచూపు అమెరికా వారికే పరిమితము కాదు. తెలుగునాట దానికొక రూపము కలదు, దాని సంగతి తరువాత చూడవచ్చును. ముందుగా తేల్చవలసినది, అట్టి గెలుపు గెలుపగునా కాదా యనునది. అగునని చెప్పుటకు గట్టి కారణములున్నవి.

అసలు వాన పడినంతమాత్రమున పందెము ఆపవలసిన పని యేమని అడుగవచ్చును. వానాకాలపు సాయంకాలము కొత్తగూడ పైవంతెన మీద వేలకొలది బండ్లు తడిసికొనుచునే పోవుచుండును. ఆ స్కూటరు చక్రము నొకమారు వంగి చూచిన సమాధానము దొరకును. టైరు మీద గాళ్లు కలవు. దారిమీది నీరు ఆ గాళ్లలోనికి జరిగి పక్కలకు పోవును. రబ్బరు నేలను తాకును. స్టాక్ కారు పందెపు టైరునకు గాళ్లు లేవు. అది గుండు చేసిన తలవలె నునుపు. పొడి దారి మీద ఆ నునుపే దాని బలము. రబ్బరంతయు నేలను పట్టుకొనును. తడి దారి మీద అదే దాని మృత్యువు. టైరునకును నేలకును నడుమ నీటిపొర చేరును, బండి పడవయగును. ఒకటిన్నర టన్నుల బండి గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగమున పడవయైనచో ఫలితమేమో వ్రాయనక్కరలేదు. దానికి తోడు దారి సమతలము కాదు. షార్లెట్ మలుపులలో దారి 24 డిగ్రీలు, డేటోనా మలుపులలో 31 డిగ్రీలు ఒరిగి, ఇంటికప్పువలె ఏటవాలుగా నుండును.

హైదరాబాదునకు ఈ విషయమున కొంత అనుభవము లేకపోలేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగరము ఒడ్డున విద్యుత్తు కార్ల పందెము జరిగినది. జాన్ ఎరిక్ వెర్న్ అను ఫ్రెంచివాడు గెలిచెను. ఆ కార్ల టైర్లకు గాళ్లున్నవి; ఎండయైనను వానయైనను అవే టైర్లు. ఆనాడు వాన రాలేదు గాని, వచ్చినను పందెము నడుచుటకు వీలుండెడిది. (మరుసటి యేడు ఆ పందెము మొదలే కాకుండ రద్దయినది. దానికి వాన కారణము కాదు. ఒప్పందములు తెగుటకు మేఘములతో పని లేదు.)

ఇక దారిని ఆరబెట్టుట. వాన ఒక పావుగంట కురిసి పోవును. దాని తడి గంటలకొలది పోదు. 2017 అక్టోబరు 13న ఉప్పల్ మైదానమున భారత, ఆస్ట్రేలియా జట్ల ఇరువది ఓవర్ల పోటీ ఒక్క బంతియు పడకుండ రద్దయినది. పోటీ వేళకు వాన లేదు. ముందటి వానల తడి నేలలో నిలిచి యుండెను. పందెపు దారులను ఆరబెట్టుటకు అమెరికాలో బండ్ల వెనుక జెట్ విమానపు ఇంజనులను కట్టి వేడిగాలి నూదింతురు. 2012లో డేటోనా 500 పందెము వాన వలన ఆదివారము నుండి సోమవారమునకు వాయిదా పడినది. ఆ సోమవారము హెచ్చరిక జెండా క్రింద దారి శుభ్రపరచుచుండగా, హువాన్ పాబ్లో మోంటోయా కారు అదుపు తప్పి ఆ ఇంజను బండినే గుద్దుకొనెను. వందల గ్యాలనుల ఇంధనము భగ్గుమని మండినది. ముందు దినము నీరు ఆపిన పందెమును మరునాడు నిప్పు రెండు గంటలు ఆపినది. పంచభూతములలో మిగిలిన మూడును ఆ వారము దయతలచినవనుకొనవలెను.

ఇట్టి చిక్కులు తరచుగా వచ్చుచుండుటచేత నాస్కార్ వారు పూర్వము నుండియు ఒక నియమము పెట్టుకొన్నారు. పందెము సగము నడిచినచో, ఆ పిమ్మట ఆగినను అది పూర్తి పందెమే. 2017 నుండి పందెమును దశలుగా విభజించిన తరువాత, రెండవ దశ ముగిసినను చాలును. ఈ నియమము వాన వచ్చిన తరువాత వ్రాసినది కాదు; పందెము మొదలు కాకముందే ప్రతి చోదకునికి, ప్రతి జట్టునకు తెలిసినది. కనుక ఆ పందెము పొడవు 600 మైళ్లని చెప్పుట సగము నిజమే. సగము దాటిన తరువాత ఎప్పుడైనను ముగియవచ్చునను పందెము అది. తెలివిగల జట్లు రెండు పందెములను ఒకేమారు నడుపుచుండును. ఒకటి గీత దగ్గర ముగియునది, రెండవది మేఘము దగ్గర ముగియునది.

ఇందుకు జస్టిన్ హేలీ కథ చక్కని ఉదాహరణము. 2019 జూలై 7, డేటోనా. ముందటి రాత్రి జరుగవలసిన పందెము వాన వలననే ఆ దినమునకు జరిగినది. 160 చుట్లు. 118వ చుట్టున ఘోరమైన ప్రమాదము జరిగి పెక్కు బండ్లు నుజ్జయినవి. హెచ్చరిక జెండా చూపిరి. ఆ జెండా ఉన్నంతసేపు బండ్లు వరుస తప్పక మెల్లగా నడువవలెను. ముందున్నవాడు కర్ట్ బుష్. ఇక ఒక్క చుట్టులో పందెము తిరిగి ఆరంభమగునను సూచన వచ్చినది. ఇంధనము నింపి టైర్లు మార్చు స్థలమును పిట్ అందురు. బుష్ అందులోనికి తిరిగెను. అంతలో చేరువ ఆకాశమున మెరుపు. ఎనిమిది మైళ్ల లోపల మెరుపు కనబడినచో పందెము నిలుపవలెనని నియమము. నిలిపిరి. పిట్‌లోనికి పోక దారి మీదనే ఉండిపోయిన హేలీ అందరికన్న ముందు నిలిచెను. వయస్సు 20 ఏండ్లు. ఆ స్థాయిలో అతనికది మూడవ పందెము. అతని జట్టు ఆ స్థాయికి వచ్చినదే ఆ యేడు. బయలుదేరినది 34వ స్థానము నుండి. గంటలకొలది వేచిన తరువాత కురిసిన వాన పందెమును 127 చుట్లతో ముగించినది. హేలీ ముందు నడిచినది ఒకే చుట్టు. అదియు మెల్లగా నడిచిన చుట్టు.

భారతకథ తెలిసినవారికి ఇచ్చట సైంధవుడు గుర్తునకు రాకమానడు. సూర్యాస్తమయమునకు ముందు సైంధవుని చంపుదునని, చంపనిచో అగ్నిలో దూకుదునని అర్జునుని ప్రతిజ్ఞ. పగలంతయు సేనల వెనుక దాగినవాడు చీకటి కమ్మగానే దినము ముగిసినదనుకొని తల యెత్తెను. దినము ముగియలేదు. బుష్ కథ దీనికి తలక్రిందు. పందెము ఇంకను మిగిలియున్నదని అతడు తల పక్కకు త్రిప్పెను, పందెము ముగిసియుండెను. రెంట నడిపించినది ఒకటే, ముగింపు ఎప్పుడన్న అంచనా. అంచనా తప్పినవాడు శూరుడు కాడని ఎవరును అనరు. అట్లే అంచనా కుదిరినవాడు అనర్హుడని అనుట ఏమి న్యాయము?

వాన రాకడ, ప్రాణపు పోకడ ఎవరికి తెలియునని సామెత. అందులో మొదటి సగము నేడు పాతబడినది. ప్రతి జట్టు దగ్గరను మేఘముల కదలిక చూపు రాడార్ తెర యుండును. వాన ఎన్ని నిమిషములలో రాగలదో లెక్కకట్టుచుందురు. తెలియనిది వాన కాదు, వాన వచ్చినపుడు ఎదుటివాడేమి చేయునో యనునది. దారి మీదనే ఉండిపోయినవాడు ఊరక కూర్చున్నవాడు కాడు. వాన రాక పందెము తిరిగి మొదలైనచో అతని ఇంధనము తరిగి యుండును, టైర్లు అరిగి యుండును, కొత్త టైర్లవారు నాలుగు చుట్లలో అతనిని దాటిపోదురు. తన దగ్గరనున్నదంతయు పణముగా పెట్టి నిలిచినవాడతడు. దైవమా, పురుషకారమా యను పాత చర్చలో ఇట్టి నిలుపును పురుషకారము వైపే లెక్కింపవలెను. హేలీ వంటి చిన్న జట్టువాడు పూర్తి పందెములో పెద్ద జట్లను వేగముతో గెలువలేడు. అతని చేతనున్న ఆయుధము ఈ యొక్క నిర్ణయమే. దానిని వాడుకొన్నాడు.

గెలుపులన్నియు ఒక్క తీరువి కావనుటయు నిజమే. 2009 ఫిబ్రవరిలో డేటోనా 500 పందెము 200 చుట్లకు 152తో ఆగినది. మాట్ కెన్సెత్ అను చోదకుడు 146వ చుట్టున ఎలియట్ శాడ్లర్‌ను దాటి ముందునకు వచ్చిన క్షణములలోనే ప్రమాదము జరిగి హెచ్చరిక జెండా లేచినది, పిమ్మట వాన. శాడ్లర్ చేజారినది గడియలు కాదు, రెప్పపాటు. ఐనను కెన్సెత్ ముందటివానిని దారి మీద, పూర్తి వేగమున దాటినవాడు. ఆ మరుసటి వారమే కాలిఫోర్నియాలో పూర్తి పందెమును గూడ గెలిచెను. ఆ యేడే మే నెలలో, కోకా-కోలా 600 పందెమున డేవిడ్ రూటిమన్ గెలిచిన తీరు వేరు. ముందున్నవారందరు పిట్‌లోనికి పోగా అతడు దారి మీద నిలిచెను. 400 చుట్ల పందెము 227తో ముగిసినది. ఆ స్థాయిలో అదియే అతని తొలి విజయము. వాన గెలుపను మాట అతనిని చాల దినములు వెన్నాడినది.

వాన గెలుపును సమర్థించువారు సమర్థింపరాని దొకటి కలదు. 2021 ఆగస్టు 29న బెల్జియమ్ దేశమున, స్పా దారి మీద, ఫార్ములా వన్ పందెము. గంటలకొలది వాన. చివరకు భద్రతా కారు వెనుక, ఒకరి నొకరు దాటరాదను నియమము క్రింద, బండ్లను రెండు మూడు చుట్లు త్రిప్పి పందెము జరిగినదనిపించిరి. మాక్స్ వెర్‌స్టాపెన్ విజేత యనిరి. సగము పాయింట్లు పంచిరి. టిక్కెట్లు కొని వానలో తడిసిన వేలాది జనము చూచినది ఊరేగింపు, పందెము కాదు. అచ్చట ఎవరును ఏమియు పణముగా పెట్టలేదు. ఒక్క నిర్ణయము లేదు, ఒక్క దాటుట లేదు. ముందు దినపు అర్హత పరుగుల వరుసనే ఫలితముగా తిరుగ వ్రాసిరి. నిర్వాహకులకును ఈ తప్పు తెలిసినది. భద్రతా కారు లేకుండ కనీసము రెండు చుట్లైనను నడువనిదే పాయింట్లు లేవని మరుసటి యేటికి నియమము మార్చిరి. హేలీ ముందు నడిచినది ఒక్క చుట్టే కావచ్చును. దాని వెనుక పోరాడిన చుట్లు నూరునకు పైగా కలవు. భేదమది.

ముందే చెప్పిన నియమమైనంతమాత్రమున అది మంచి నియమమగునని కాదు. 1992 మార్చి 22న సిడ్నీలో ప్రపంచ కప్పు పోటీలో దక్షిణాఫ్రికా జట్టు 13 బంతులలో 22 పరుగులు చేయవలసి యుండెను. పన్నెండు నిమిషములు వాన. ఆట తిరిగి మొదలగునప్పటికి 1 బంతికి 21 పరుగులు. ఆ నియమమును పోటీలకు ముందే అందరును అంగీకరించి యుండిరి. బుద్ధిహీనమైన నియమము ముందుగా చెప్పినను బుద్ధిహీనమే. ఆ అవమానము తరువాతనే డక్‌వర్త్, లూయిస్ అను ఇరువురు ఇంగ్లీషు గణితజ్ఞుల పద్ధతి వచ్చినది. 1997 జనవరి 1న తొలిమారు వాడుకలోనికి దిగినది. అనగా వానను ఆపలేకపోయినను, వాన చేయు అన్యాయమును తగ్గించుట మనుష్యుల చేతిలో నున్నది. నాస్కార్ వారు గూడ ఇటీవల చిన్నవైన, ఏటవాలు తక్కువైన దారుల కొరకు గాళ్లున్న తడి టైర్లు చేయించిరి. 2024 జూన్ 23న న్యూ హాంప్‌షైర్‌లో రెండు గంటలకు పైగా వాన ఆపిన పందెమును ఆ టైర్లతో తుదివరకు నడిపిరి. గెలిచినవాడు అదే క్రిస్టఫర్ బెల్. మేలో వాన పందెమును ఆపినందున గెలిచినవాడు, జూన్‌లో తడి దారి మీద పందెమాడి గెలిచెను. అతనికి వాన గెలుపని పేరు పెట్టువారు ఆ రెంటిలో దేనికి పెట్టుదురో!

హైదరాబాదు జట్టు కథయు వాన కథయే. 2024 మే 16న ఉప్పల్‌లో గుజరాత్ జట్టుతో జరుగవలసిన పోటీ ఒక్క బంతియు పడకుండ వానలో కలిసిపోయినది. దక్కిన ఒక్క పాయింటుతోనే హైదరాబాదు తుది నాలుగు జట్లలో చోటు సంపాదించినది. మే 26 నాటి రాత్రి ఓడిపోవుటకైనను అక్కడివరకు చేర్చినది వానయే. దానికి వాన జట్టని పేరు పెట్టినవారు లేరు. సరిగా ఏడాది తిరుగకముందే, 2025 మే 5న, అదే ఉప్పల్‌లో ఢిల్లీ జట్టును 29 పరుగులకే 5 వికెట్లు పడగొట్టి, 133కు కట్టడి చేసిన తరువాత వాన కురిసినది. హైదరాబాదు వారికి ఒక్క బంతియైనను ఆడు అవకాశము రాలేదు. పోటీ రద్దు, ఆ యేటి ఆశలును రద్దు. ఎవరి పక్షమున నిలిచి చూచినను నిజమైన నష్టము ఇదియే. ఆడి, అంచనా తప్పి ఓడిన బుష్‌ది కాదు. సిద్ధమై వచ్చి తన వంతు దక్కనివారిది. లార్సన్ బాధయు ఇట్టిదే. (వంతు దక్కియున్నచో గెలిచియుండెడివాడని చెప్పుటకు లేదు. 2025 మే 25న అతడు రెండు పందెములును ఆరంభించెను. రెంటను ప్రమాదములలో చిక్కి చివరివరకు పోలేకపోయెను.)

తెలుగునాటి చిన్నచూపు సంగతి ఇప్పుడు చెప్పవచ్చును. 2020 మార్చి 19న తెలంగాణమున పదవ తరగతి పరీక్షలు మొదలైనవి. మొత్తము 11 పేపర్లు. 3 పేపర్లు వ్రాయునప్పటికి కరోనా వ్యాధి వలన పరీక్షలు ఆగినవి. జూన్ 8న మిగిలినవి రద్దు చేసి, ఐదు లక్షలకు పైగా విద్యార్థులందరును ఉత్తీర్ణులైనట్లు ప్రకటించిరి. ఏడాది పొడవున బడిలో జరిగిన చిన్న పరీక్షల మార్కులనుబట్టి శ్రేణులు నిర్ణయించిరి. ఆంధ్రప్రదేశమున పరీక్షలు మొదలు కాకమునుపే అదే నెలలో రద్దయినవి. నాటి నుండి ఆ పిల్లలకు కరోనా బ్యాచి అని పేరు స్థిరపడినది. ఇంటర్మీడియెటు కళాశాలలలో, బంధువుల ఇండ్లలో, పెండ్లి పందిళ్లలో, చివరకు తరగతి గదిలో పాఠము చెప్పువారి నోట గూడ ఆ పేరు వినబడినది. వ్రాయకుండ పాసైనవారని అర్థము.

ఇది హేలీ వంటి గెలుపా, స్పా వంటి ఊరేగింపా? రెండును కాదనుటయే న్యాయము. బడిలో ఏడాది పొడవున వ్రాసిన చిన్న పరీక్షలు నిజముగా నడిచిన చుట్లే. పిల్లలు వాటిని ఊరేగింపుగా నడువలేదు. కాని ఆ చుట్లే తుది ఫలితమగునని వారికి ముందుగా ఎవరును చెప్పలేదు. సగము దాటిన చాలునను నియమము నాస్కార్ చోదకునికి తెలుసు. పదునైదేండ్ల పిల్లవానికి తెలియదు. తుది పరీక్ష కొరకు శక్తి దాచుకొని, చిన్న పరీక్షలలో వెనుకబడి, సంక్రాంతి తరువాత రాత్రింబవళ్లు చదివినవాడొకడు ప్రతి తరగతిలోను ఉండును. వాడు లార్సన్. తొడుగులు తొడుగుకొని నిలిచినవాడు. ఉదారముగా మార్కులు వేసిన బడిలో చదివినవానికి పదికి పది వచ్చినది. నిజాయితీగా దిద్దిన ఉపాధ్యాయుని శిష్యునికి తక్కువ వచ్చినది. అది గూడ నియమము ముందుగా తెలియకపోవుట వలన వచ్చిన అన్యాయమే. నిజాయితీగా దిద్దిన ఉపాధ్యాయుడు తాను తన శిష్యుని నష్టపరచితినా యని నేటికిని సందేహించుచున్నచో, ఆ సందేహము అతనికి గౌరవమే గాని తప్పు అతనిది కాదు. పెట్టవలసిన చుక్క ఏదైన నున్నచో నిర్వహణ పక్కన పెట్టవలెను. పిల్లల పేరుల పక్కన కాదు.

ఆనాడు పదవ తరగతిలో నున్నవారు నాలుగేండ్ల ఇంజనీరింగు చదువు ముగించి, చేత కాగితములు పట్టుకొని, బొటానికల్ గార్డెన్ మలుపు మొదలుకొని హైటెక్ సిటీ వరకు కార్యాలయముల వాకిళ్లలో నిలుచు వయస్సునకు వచ్చినారు. వారి యెదుట కూర్చుండి ప్రశ్నించువారి చేతిలో ఆ కాగితములుండును. అందులో 2020 అను అంకె కనబడగానే పెదవి విరుచుట సులభము. కాని ఆ పదవ తరగతి తరువాత వారు నడిచిన చుట్లు ఎన్ని! ఇంట కూర్చుండి, చిన్న ఫోను తెరలో పాఠములు విని, సంకేతము కొరకు మేడమీది కెక్కి, చెట్టు క్రిందికి పోయి చదివినవారు అందులో ఎందరో కలరు. వారిని అడుగవలసినది ఆరేండ్లనాడు ఆగిన పందెమును గూర్చి కాదు. ఇప్పుడు ఈ దారి మీద, పొడిగా నున్న ఈ దినమున, ఏమి చేయగలరన్నది.

రూటిమన్‌కు అట్టి దినమొకటి వచ్చినది. 2010 జూలై 10, షికాగో సమీపమున, 267 చుట్ల పందెము. ఆ రాత్రి వాన లేదు. 267 చుట్లును నడిచినవి, అతడే గెలిచెను. అంతకుముందు అతనిని గేలి చేసినవారు మాటలు మార్చుకొనిరి. కాని నాస్కార్ దస్తరములలో ఆ దినము వలన మారినది ఏమియు లేదు. అతని పేరున ఆ స్థాయిలో రెండే విజయములున్నవి. ఒకదాని యెదుట 227 చుట్లు, రెండవదాని యెదుట 267 చుట్లు. రెండును ఒకే వరుసలో, ఒకే అక్షరములలో, పక్కన ఏ చుక్కయు లేకుండ.